ఛాయాచిత్రములును మన సీమ చరిత్రయు

మన యాంధ్రదేశమున నే గృహస్థుని యింటికి పోయినను గోడలమీద మూడు తెగల పటములు కానవచ్చును. దేవతల పటములు కొన్ని, గతించిన పెద్దల పటములు కొన్ని, వివాహసమయమున దీయించుకొన్న పటములు కొన్ని. ఇవి యుండవలసినవే, వీనిని దీసివేయుడని మేము చెప్పుటలేదు. కాని యా యింటివారు పుట్టి పెరిగిన యూరి చెఱువునకు, వారి తాతలు పడవ యెక్కిన కాలువరేవునకు, వీధి చివరనున్న దిబ్బకు, శిథిలమైన కోవెల మండపమునకు నొక్క పటమైన నెన్ని యిండ్ల గలదు? ఉయ్యూరున నీ ప్రశ్నను మేము పదవ తరగతి విద్యార్థుల నడిగితిమి. నలువదియిద్దఱిలో నొక్కడు మాత్రము, తన తాతగారి పటములో వారి వెనుకవైపున పుల్లేరు కాలువ కొంచెము కానవచ్చునని చెప్పెను. ఆ కొంచెమును గూర్చియే యీ వ్యాసము.

మనుష్యుని రూపమును దాచుకొనవలెనను కోరిక మనకు గలదు. స్థలముయొక్క రూపమును దాచుకొనవలెనను తలంపు లేదు. మనుష్యుడు గతించునని యెఱుగుదుము గనుక అతని పటము దీయింతుము. స్థలము నిలిచియుండునని నమ్ముదుము గనుక దానిని విడిచిపెట్టుదుము. ఈ నమ్మిక యెంత పొరపాటో కృష్ణాతీరమున నివసించువారికి వేఱుగ జెప్పనక్కఱలేదు. ఇచ్చట నది దారి మార్చుకొనును. సముద్రము లోనికి వచ్చును. సరస్సు చేపలచెఱువులై పోవును. స్తూపము బాటక్రింద కంకరయగును. కావున స్థలమునకు సాక్ష్యము గావలెను. ఆ సాక్ష్యములలో ఛాయాచిత్రము ముఖ్యమైనదని మా యభిప్రాయము.

డాగేర్ కనిపెట్టిన ఛాయాగ్రహణ విధానము పారిస్ నగరమున లోకమునకు వెల్లడియైనది 1839లో. అంతకు పూర్వము రూపమును నిలుపుటకు చిత్రకారుని చేయి యొక్కటియే సాధనము. పదునెనిమిదవ శతాబ్దపు తుదిలో కాలిన్ మెకంజీ అమరావతిని మొదటిసారి చూచెను. అప్పటికే వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారి నూతన పట్టణ నిర్మాణమునకై దిబ్బను త్రవ్వుచుండిరి. మెకంజీ మరల 1816లో వచ్చి, తన చిత్రకారులచే నా శిల్పములను శ్రద్ధతో వ్రాయించెను. ఆ చిత్తరువులలోనున్న శిలలలో గొన్ని నేడు ఎచ్చటను గానరావు; వాని రూపము కాగితముమీద మాత్రమే నిలిచియున్నది. శిల పోయి కాగితము నిలుచుట విపరీతముగా దోచును గాని జరిగినది యదియే.

ఆ శిలల కథలో మా బందరునకును భాగము గలదు. రాబర్టుసన్ అను దొర బందరున నధికారియై యుండి, తాను వేయించిన క్రొత్తపేటలోని అంగడి కూడలికి అలంకారముగా అమరావతి శిలలను గొన్నింటిని దెప్పించి నిలువబెట్టెను. ఆయన పేరిట రాబర్టుసన్‌పేట బందరున నిప్పటికిని గలదు. 1835లో మదరాసు గవర్నరు సర్ ఫ్రెడరిక్ ఆడము బందరునకు వచ్చి వానిని జూచి, ఇవి యంగడిలో నుండదగినవి కావు, మదరాసునకు దరలింపవలెనని తలచెను. ఆ తరలింపు మఱి యిరువది సంవత్సరములకు గాని ముగియలేదు. బౌద్ధశిల్పుల యులిచెక్కడములు కొన్ని బందరు అంగడిలో, కూరగాయల బుట్టల నడుమ, ఎండకు వానకు నన్నియేండ్లు నిలిచియుండెనన్నమాట! ఆ కూడలి యప్పుడెట్లుండెనో చూపు నొక్క పటము మా బందరువారి యే యింటనైన నున్నయెడల దానికి వెల గట్టగలవా రెవరు?

ఇక మదరాసు చేరిన శిలల గతి చూతము. వాల్టర్ ఎలియట్ 1845లో అమరావతిని త్రవ్వించి మఱికొన్ని శిలలను మదరాసునకు బంపెను. అవి చాలకాల మారుబయట బడియుండెను. మదరాసు ప్రభుత్వమువారి ఛాయాగ్రాహకుడైన లిన్నేయస్ ట్రైప్ 1858లో వానిని వరుసగా ఛాయాచిత్రములు దీసెను. మఱుసటి సంవత్సరము శిలలలో బెక్కులు లండనునకు బోయెను. అచ్చట నవి మఱుగుపడియుండగా జేమ్సు ఫెర్గుసన్ పండితుడు 1867లో వానిని కనుగొని, 1868లో వృక్షనాగారాధనములను గూర్చి తాను ప్రకటించిన గ్రంథములో ఛాయాచిత్రములతో లోకమునకు జూపెను. పండితలోకము అమరావతిని మరల తలంచుటకు ఛాయాచిత్రములు చేసిన సాయ మింతంత గాదు. శిలలు రెండు ఖండములలో చెదరియుండగా, విద్వాంసుడు తన బల్లమీద వానిని ఒక్కచోట బరచి పోల్చుకొనగల్గుటకు పటములే కారణము.

మా సీమకు కొండలు లేవు. ఉత్తరమున కొండపల్లి దుర్గమున్న కొండలవరుసయు, బెజవాడ యింద్రకీలాద్రియు దాటి దక్షిణమునకు వచ్చినచో సముద్రమువఱకు నేల చాపవలె బరచినట్లుండును. మాకు దిబ్బలే కొండలు. ఆ దిబ్బలలో జరిత్ర గలదని పూర్వు లెఱుగకపోవుటవలన బెద్ద నష్టము గలిగినది. ఏటికి ఆవల, భట్టిప్రోలునందలి మహాస్తూపపు ఇటుకలును, చలువరాళ్ళును కాలువల పనులకును బాటలకును దరలిపోయెను. 1892లో అలెగ్జాండరు రీ దొర మిగిలిన దానిని పరీక్షించి ధాతుకరండములను వానిమీది ప్రాచీన లిపియును గనుగొనెను. గుడివాడ స్తూపపు దిబ్బ గతియు నంతకంటె మేలు గాదు. ఘంటసాల స్తూపము కొంత నిలిచినది. దాని పునాది చక్రపు ఆకులవలె నమర్చిన ఇటుకగోడలతో గూడినదని త్రవ్వకములవలన దెలిసినది. టాలమీ భూగోళమున బేర్కొనబడిన కొంటకోసిల అను రేవును, ఘంటసాల శాసనములలోని కంటకసోలయు నీ గ్రామమే యని పండితుల నిశ్చయము. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపములను గూర్చి రీ 1894లో బటములతో గ్రంథము ప్రకటించెను. ఆ తరువాత ఘంటసాల శిల్పములు కొన్ని పారిస్ నగరపు గిమే ప్రదర్శనశాలకు జేరినవి. మా యూరినుండి ఘంటసాలకు బోవుట యొక పూట పని. ఘంటసాల శిల్పమును జూచుటకు మాత్రము సముద్రములు దాటవలసిన స్థితి వచ్చినది! ఇట్టియెడ బటమే మాకు దిక్కు.

పటము లేకున్న నేమగునో, ఉన్న నేమగునో తెలియుటకు నాగార్జునకొండను దలచుకొందము. ఆ లోయలోని శిథిలములు 1926లో గుర్తింపబడెను. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్టు కొంతభాగమును త్రవ్వించెను. నాగార్జునసాగరము కట్టుటకు నిశ్చయమైన పిదప, లోయ మునుగునని తెలిసి, 1954 మొదలు 1960 వఱకు విస్తారముగా త్రవ్వకములు సాగినవి. విహారముల, చైత్యముల, స్నానఘట్టముల కొలతలు దీసి, పటములు దీసి, కొన్నింటిని ఎత్తైన తావులకు దెచ్చి నిలిపిరి. 1966లో కొండమీద ప్రదర్శనశాల యేర్పడినది. లోయ నీటిలో మునిగినది గాని దాని రూపము మునుగలేదు. మనకు నీరు గావలెను, వరి గావలెను. ఆనకట్టలు వలదనుట మా మతము గాదు. 1855లో బెజవాడయొద్ద కృష్ణానది ఆనకట్ట పూర్తియైనందువలననే గదా మా సీమ యన్నము దినుచున్నది! పోవలసినది తప్పక పోవునెడల ముందుగా దాని రూపమును నిలుపుకొనుట నాగరికుల ధర్మమని మాత్రమే మా మాట.

ఇంతవఱకు నితరుల పొరపాటులను జెప్పితిమి. ఇక మా పొరపాటు చెప్పవలెను. లేనిచో నీ వ్యాసమునకు న్యాయము లేదు.

2001లో, మేము విద్యార్థిదశలో నున్నప్పుడు, నలుగురు మిత్రులము కలిసి ఎరవు దెచ్చుకొన్న కెమేరాతో మా సీమ చూడ బయలుదేఱితిమి. ముప్పదియాఱు పటముల ఫిలిము చుట్ట యొక్కటి కొంటిమి. శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువును సేవించి, మొవ్వలో వేణుగోపాలుని దర్శించి, కూచిపూడి మీదుగ దిరిగి వచ్చుచు దారిలో నొక చిన్న పల్లెయొద్ద నాగితిమి. అచ్చటి పాత మండపమున నొక స్తంభముమీద బదునొకండు పంక్తుల తెలుగు శాసన ముండెను. పైన సూర్యచంద్రుల గుఱుతులు. అక్షరములు తలకట్టులతో ముత్యములవలె నుండెను. మేము సంస్కృతము చదువుకొన్నవారమే. శాసనముల విలువ బొత్తుగ దెలియనివారము గాము. అయినను మేమేమి చేసితిమి? ఫిలిములో మిగిలినది యొక్క పటము. ఒక మిత్రుని ఆ స్తంభమునకు జేరగిలబడ నిలిపి, నవ్వుమని చెప్పి, పటము దీసితిమి.

2016 కృష్ణాపుష్కరములకు ముందు ఆ కోవెలను బాగుచేసిరి. పాత స్తంభములను దీసి సిమెంటు స్తంభములు నిలిపి నున్నని రాతిపలకలు పరచిరి. చేసినవారికి భక్తి లేదనలేము. ధనము వెచ్చించి చేసిరి. పాత స్తంభము లేమైనవని యడిగితిమి. ఒకరు గట్టున వేసితి మనిరి. ఒకరు పునాదిలో బోయిన వనిరి. రెండు దినములు వెదకితిమి, దొరకలేదు. ఇంటికి వచ్చి పెట్టె దెఱచి ఆ పటమును దీసి చూచితిమి. సూర్యుడున్నాడు, చంద్రుడున్నాడు. మొదటి రెండు పంక్తులలో స్వస్తియు, మంగళవాక్యమును గలవు. చివర పంక్తులలో దీపము అను మాట స్పష్టముగ నున్నది. ధర్మమును చెఱచినవానికి బాపము చెప్పు వాక్యపు తుద యున్నది. నడుమ, ఆ దీపమును బెట్టిన పుణ్యాత్ముని పేరును, ఊరును, శకవర్షమును ఉండవలసిన చోట మా మిత్రుని గళ్ళచొక్కా యున్నది. ఎవరో యొకరు ఆచంద్రార్కము వెలుగవలెనని యొక దీపము బెట్టిరి. వారి పేరు కొన్ని శతాబ్దములు రాతిమీద నిలిచి, మా చేతిలోనికి వచ్చినప్పుడు చొక్కా మాటున దాగిపోయినది. మిత్రుని నొక్క యడుగు ప్రక్కకు జరుగుమని చెప్పియుండిన జాలును. ఆ మాట చెప్పుటకు మాకు బుద్ధి పుట్టలేదు.

ఆనాటినుండి విద్యార్థులను సంవత్సరమునకు రెండుమాఱులు తీసికొనిపోయి పటములు దీయించుట మొదలు పెట్టితిమి. మేము నేర్చుకొన్న కొన్ని సంగతులు చదువరులకు బనికివచ్చునని వ్రాయుచున్నాము. మొదటిది: స్థలమును ముందు దీసి, మనుష్యుని తరువాత దీయుడు. రెండవది: శిలాక్షరములకు మధ్యాహ్నపుటెండ శత్రువు. సూర్యుడు నడినెత్తిన నున్నప్పుడు గుంటలలో నీడ పడదు, రాయి తెల్లబోవును. ఉదయమునగాని సాయంకాలమునగాని యెండ ప్రక్కనుండి యేటవాలుగ బడునప్పుడు ప్రతి యక్షరపు గుంటయు నీడతో నిండి చదువ వచ్చును. అక్షరములలో సుద్ద గాని బొగ్గు గాని పూయరాదు. రాయి చెడును, పూసినవాని యూహయే యక్షరమగును. మూడవది: ప్రక్కన నొక అడుగు కొలబద్ద నుంచుడు, లేనిచో గులకరాయియు కొండయు పటమున నొక్కటే. నాలుగవది: దూరమునుండి యొకటి, దగ్గఱనుండి యొకటి దీయుడు, రాయి యే తావున నే దిక్కున నున్నదో దూరపు పటమే చెప్పును. ఐదవది యన్నిటికంటె ముఖ్యము: తేదియు, ఊరును, ఏ దిక్కు చూచుచు దీసితిమో ఆ సంగతియు వ్రాసి యుంచుడు. తేది లేని పటము సాక్షి పేరు లేని వాఙ్మూలము వంటిది.

ఆఱవది యొకటి కలదు: ఒకేచోట నిలిచి కొన్నేండ్ల కొకమాఱు మరల దీయుట. దీని మహిమ కొల్లేటియొద్ద దెలిసికొంటిమి. కృష్ణాగోదావరుల డెల్టాలకు నడుమ పల్లమున నున్న యీ మంచినీటి సరస్సునకు బుడమేరు, తమ్మిలేరు మొదలైన యేరులు నీరు దెచ్చును. ఉప్పుటేరు సముద్రమునకు దీసికొనిపోవును. సముద్రమట్టమునకు ఐదడుగుల యెత్తువఱకుగల 308 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును 1999లో బక్షుల రక్షితస్థలముగ బ్రకటించిరి. 2002లో రాంసార్ ఒడంబడిక క్రింద నిది ప్రపంచప్రసిద్ధమైన చిత్తడినేలలలో జేరినది. చేపలచెఱువుల గట్లను 2006లో బగులగొట్టిరి. పిదప గొన్నియెడల నవి మరల లేచినవి. కొల్లేటికోట దారిలో నొక వంతెనపై నిలిచి మేము 2002లో, 2007లో, 2019లో మూడు పటములు దీసితిమి. మొదటిదానిలో గట్టున్నది, రెండవదానిలో గట్టు తెగి నీరు దిగంతమువఱకు నున్నది, మూడవదానిలో గుఱ్ఱపుడెక్కయు, దాని వెనుక మరల గట్టును గలవు. మూడింటిని ప్రక్కప్రక్కన బెట్టి చూపినప్పుడు, చెఱువులపై బ్రదుకువాని కష్టమును జెప్పనక్కఱలేకపోయెను, గూడబాతుల కష్టమును జెప్పనక్కఱలేకపోయెను. పిల్లలు తామే వాదించుకొనిరి. ఉపన్యాసము చేయలేని పనిని మూడు కాగితములు చేసినవి.

ఇక సముద్రతీరము. బందరున డచ్చివారి గోరీలు గలవు. వంశచిహ్నములు చెక్కిన ఆ రాళ్ళు పదునేడవ శతాబ్దమునాటి వర్తకుల జ్ఞాపకములు. ఆంగ్లేయు లీ రేవున 1611లో వర్తకశాల నెలకొల్పిరి. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదిని వచ్చిన యుప్పెనలో బందరు ప్రాంతమున ముప్పదివేలమంది మరణించిరి. ఆ దెబ్బనుండి యా రేవు మరల పూర్వవైభవమునకు రాలేదు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదిని దివిసీమను ముంచిన యుప్పెనలో బదివేలకు బైగా జనులు గతించిరి. ఆనాటి పత్రికలలోని పటములు జూచినవారు వానిని మఱువజాలరు. కాని మాకు నాగాయలంక వైపున నొక వృద్ధురాలు చెప్పిన మాట యా పటములకంటె గట్టిగ మనస్సున నాటినది. "ఊరు పోయిన ఫోటోలు పేపర్లలో ఉన్నాయి నాయనా. ఊరు ఉన్నప్పటి ఫోటో ఒక్కటీ లేదు. మా యిల్లు ఎట్టా ఉండేదో మనవలకి చెబితే కథ అనుకుంటారు" అని యామె యనెను. వినాశమునకు బటములు గలవు, జీవనమునకు లేవు. ఎంత తలక్రిందుల యేర్పాటు! హంసలదీవియొద్ద కృష్ణ సముద్రమున గలియు తావున ఇసుకమేటలు కదలుచుండును; తీరము నిలుకడ లేనిది. అట్టి తీరమున నుండు పల్లెల వీధులను, వలలను, పడవలను, పాఠశాలలను నవి బాగున్న దినములలోనే పటములు దీసి దూరపు టూళ్ళలోని బంధువుల యిండ్ల గూడ నొక్కొక్క ప్రతి యుంచుట మేలు.

ఈ పనికి స్త్రీలు ముఖ్యముగ గావలెను. మొదటి సంవత్సరము ఆడపిల్లలను బంపుటకు దల్లిదండ్రు లొప్పుకొనలేదు. దిబ్బలవెంట దిరుగుట యాడపిల్లల కెందులకనిరి. రెండవ సంవత్సరము ఒక తల్లి తాను గూడ వత్తునని బయలుదేఱెను. ఆమెతో నేడుగురు బాలికలు వచ్చిరి. వారిలో నొకతె తన యూరి కాలువగట్టును బటము దీసి, ఇంటికి బోయి నాయనమ్మకు జూపెను. ఆ ముసలమ్మ యా పటముమీద వ్రేలు పెట్టి, ఇది చాకలిరేవు, ఇది పెండ్లికూతుళ్ళను పడవ యెక్కించిన రేవు, ఈ చెట్టుక్రింద ధాన్యపు పడవలు కట్టెడివారు అని పదునాలుగు తావులకు బేళ్ళు చెప్పెను. వానిలో నొక్కటియు బ్రభుత్వపు పటములలో లేదు. బాలిక యవన్నియు బటము వెనుక వ్రాసి తెచ్చెను. చదువురాని యామె చెప్పగా చదువుకొన్న పిల్ల వ్రాసినది. మేము చూచిన చరిత్రగ్రంథములలో నిది చిన్నదే గాని సత్యమైనది. ఫోటో దిగిన నాయుస్సు తగ్గునని వెనుకటివారు భయపడెడివారు. ఆ భయము పోయినది. స్థలచరిత్ర పురుషుల పని, పండితుల పని యను భ్రమయు నట్లే పోవలెను.

ఇప్పుడు ప్రతివాని చేతిలోను సెల్‌ఫోను గలదు, రోజునకు వేలకొలది పటములు దీయుచున్నారు, ఇంక కొఱత యేమి యని కొంద ఱడుగుదురు. కొఱత పటములకు గాదు. వ్రాతకును భద్రతకును గొఱత. వేయి పటములలో నొక్కదానికైన నూరుపేరు లేదు. ఫోను పాడైననాడు వేయియు నొక్కసారి పోవును. మా 2001 నాటి పటము కాగితముమీద నుండుటచేతనే చొక్కా వెనుక నేమి పోయినదో యైన దెలిసినది. కావున సంవత్సరమునకు బదిపటములనైన నచ్చు వేయించి, వెనుక సంగతి వ్రాసి, ఒక ప్రతి యింటను, ఒక ప్రతి గ్రంథాలయమునను నుంచుడని గృహస్థులను వేడుచున్నాము. ఖర్చు ఒక సాయంకాలపు ఫలహారమునకు మించదు.

ఆ స్తంభమును వెదకుట మేము మానలేదు. ప్రతి వేసవి కాలువలు కట్టినప్పుడు పిల్లలతో నా గట్టున కొకమాఱు పోయి వత్తుము. మా చొక్కా మిత్రుడును మాతో వచ్చును. రాయి కనబడినచో బటము దీయునప్పుడు తాను పది యడుగుల దూరమున నిలుతునని యాతడు మాట యిచ్చియున్నాడు.